రెక్కలు వాలిన వైపు

నా అంగడికి వచ్చి "డిస్కు అంటే ఏముందన్నా, ఇనుప పళ్ళెమే కదా" అన్నవాళ్ళతో నేను చాలాసార్లు గొడవ పడ్డాను. కర్నూలులో నంద్యాల రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా బ్రేకుల పని ఒక్కటే చేస్తున్నాను. ఇంజను విప్పను, రంగు వేయను, ఏసీ ముట్టను. బండి ఎంత జోరుగా పోతుందో చెప్పుకునేవాళ్ళు ఊరంతా ఉన్నారు కానీ అది ఎట్లా ఆగుతుందో పట్టించుకునేవాళ్ళు తక్కువ. అందుకే నాకు కోపం ఎక్కువని అందరితో చెప్పుకునేవాణ్ణి. కోపం నీకు పుట్టుకతోనే ఉంది, దానికి బ్రేకుల సాకు దొరికింది, అంతే అని మా అమ్మ అనేది.

అంగట్లో ఒక గూటి నిండా అరిగిపోయిన డిస్కులు కోసి పెట్టుకున్నాను. చక్రంతో పాటు తిరిగే ఆ పళ్ళేన్ని బ్రేకు రెండు పక్కలా ఒత్తితేనే బండి ఆగుతుంది, ఆ ఒత్తిడికే అది కాగుతుంది. మధ్యకు కోస్తే గాని వాటి లోపలి గుణం తెలియదు. చిన్న కార్ల ముందు చక్రాలకు చాలావాటికి గట్టి డిస్కు ఉంటుంది. లోపల సందు లేని ఒకే ఇనుము అది. జొన్నరొట్టె కాల్చే పెనం లాంటిది, ఒకసారి కాగిందంటే తొందరగా చల్లారదు. బరువైన కార్లకు అది చాలదు. వాటికి రెండు పలకలు పెట్టి, నడుమ గాలి ఆడే సందు వదులుతారు. ఆ సందులో ఏం నిలబెట్టారన్న దాంట్లోనే తేడాలన్నీ. కొన్నింటిలో ఎద్దులబండి చక్రం ఆకుల మాదిరి నడుమ నుంచి అంచు దాకా నిటారు రెక్కలు ఉంటాయి. కొన్నింటిలో రెక్కలు ఉండవు, పొట్టి గుంజలు వరసగా నాటినట్టు ఉంటాయి. వేడికి పలక సులువుగా చీలకుండా అట్లా పోస్తారు. ఈ రెండు రకాలూ ఎటు తిరిగినా ఒకటే. కుడిదాన్ని ఎడమకు వేసినా, ఎడమదాన్ని కుడికి వేసినా పేచీ లేదు.

ఇంకొక రకం ఉంది. దాంట్లో రెక్కలు కొడవలి మాదిరి వంగి ఒక పక్కకు వాలి ఉంటాయి. ఆ రకం గాలిని బాగా లాగుతుంది గానీ, ఎడమ చక్రానికి వేరు, కుడి చక్రానికి వేరు. ఈ వంకర రెక్కల దగ్గరే నేను ఒక మనిషి పొట్ట కొట్టాను. ఎట్లా కొట్టానో దాచకుండా చెప్పాలని రాస్తున్నాను.

నందికొట్కూరులో ధాన్యం వ్యాపారం చేసే ఒక సావుకారి ఉన్నాడు. హైదరాబాదులో ఎవరో వాడుకుని వదిలేసిన పెద్ద కారు ఒకటి కొన్నాడు. ఆ కారును తోలే మనిషిది కోయిలకుంట్ల పక్క పల్లె. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. మొదట్లో లారీలు తోలి, తర్వాత సావుకారి ఇంట్లో కుదురుకుని పదకొండేళ్ళు అయింది. ఊర్లో కొంచెం మెట్ట భూమి, ఒక బోరు. బోరును నమ్ముకుంటే ఇల్లు గడవదు కాబట్టి స్టీరింగును నమ్ముకున్నాడు. కారు ఎక్కే ముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. ఒట్టి కాలికైతేనే బ్రేకు మాట వినబడుతుందని అనేవాడు. పదకొండేళ్ళలో అతని కాలి గురించి ఒక్కరూ మాట అనలేదు. అతనికి ఉన్న ఆస్తి ఆ పేరే.

సావుకారి కూతుర్ని రాయచోటికి ఇచ్చారు. నెలకు రెండుసార్లు కారు అక్కడికి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు కడప చేరే లోపల గువ్వలచెరువు కొండల ఘాటు రోడ్డు దిగాలి. ఆ ఘాటు దిగడం తెలియనివాడి బ్రేకులు ఎట్లా ఉంటాయో నాకు వాసన చూస్తే తెలుస్తుంది. ఇతని బ్రేకులు ఎప్పుడూ ఆ వాసన కొట్టేవి కావు. "రెండో గేరులో దిగుతా. కాలు ముట్టిస్తా, తీస్తా. బండిని మనం ఒత్తకూడదప్పా, బతిమాలుకోవాల" అనేవాడు.

ఆ కారులో అప్పటిదాకా ఉన్నవి నిటారు రెక్కల డిస్కులు. అవి అరిగిపోతే సావుకారి ఇంకా మంచివి కావాలని వంకర రెక్కలవి తెప్పించాడు. రెండు పెట్టెల్లో వచ్చాయి. తుప్పు పట్టకుండా ఒళ్ళంతా నూనె పూసి ఉంది. మా అంగట్లో ఒక ఆచారం ఉంది. మా నాయన కొలిమి పని చేసేవాడు. కొత్త కర్రు అయినా కొత్త కొడవలి అయినా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టనిదే కొలిమి గడప దాటనిచ్చేవాడు కాదు. అది నాకు వచ్చింది. కొత్త ఇనుము బండికి ఎక్కాలంటే ముందు రంగులో కలిపే తిన్నరుతో జిడ్డు పోయేటట్టు కడగాలి, ఆ తర్వాత పసుపు, బొట్టు.

నేను తిన్నరు గుడ్డ తీసుకున్నాను. పక్కన నిలబడి చూస్తున్న ఆ డ్రైవరు వంగి, "ఏందో తెల్లగా రాసిండాది గదప్పా దీని మీద" అన్నాడు.

"రాయకుండా ఎట్లుంటారు? లెక్కకు ఏదో గీకుంటారు."

"రెండిట్లో రెండు రకాలుగా ఉండాది. చూసి తుడువప్పా."

"బ్రేకులు నేను చేస్తాండానా, నువ్వు చేస్తాండావా?" అన్నాను.

నేను తుడిచేశాను. నూనెతో పాటు ఆ తెల్ల రాతలు కూడా గుడ్డకు అంటుకుని పోయాయి. ఏ డిస్కు ఏ పక్కదో చెప్పే రాతలు అవే. నేను చదవను కూడా చదవలేదు. ఆ చోటునే పసుపు రాసి, చక్కగా బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను.

ఇక ఎక్కించేటప్పుడు రెండింట్లో రెక్కలు ఎదురెదురుగా వాలి ఉన్నాయని నా కంటికి ఆనింది. అంత గుడ్డివాణ్ణి కాదు. గాలి ముందు నుంచి వస్తుంది కదా, రెక్కలు ముందుకు వాలి ఉంటే చేట పట్టినట్టు గాలిని పట్టుకుంటాయి అని లెక్క కట్టాను. నా తెలివికి నేనే మెచ్చుకుని ముందుకు వాలేటట్టు బిగించాను.

రెండు మూడు ప్రయాణాలకే కారు తిరిగి వచ్చింది. ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే స్టీరింగు వణుకుతోంది. విప్పి చూస్తే డిస్కు మీద నీలం మచ్చలు. బాగా కాగితే తప్ప రావు అవి. లేతు మిషను మీద రవంత చెక్కించి, సాపు చేసి పంపించాను. నెల తిరక్కుండానే మళ్ళీ అదే వణుకు, అవే మచ్చలు. ఈసారి సావుకారి కూడా వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, డ్రైవరు ఎదురుగానే నన్ను అడిగాడు.

"నీ చేతి మీద నాకు నమ్మకం ఉండాది. ఉన్నది ఉన్నట్టు చెప్పప్పా. తప్పు యాడుండాది? డిస్కుదా, ఈయప్ప కాలుదా?"

నేను నోరు తెరిచే లోపల డ్రైవరు అన్నాడు. "సావుకారీ, పాత డిస్కులు మలుపు మలుపుకూ ఆరేటివి. ఇవి ఆరతా లేవు. నేను కాలు పెట్టేదానికి ముందే వేడి నిలబడి ఉంటాది. అదే ఘాటు, అదే కాలు. ఇప్పుడెట్ల చెడిపోతాది?"

ఇంతకన్నా తేటగా ఏ మెకానిక్కూ చెప్పలేడు. జబ్బు ఏమిటో, ఎప్పటి నుంచో, దేనివల్ల కాదో అన్నీ చెప్పేశాడు. నాకు మాత్రం నా పని మీద వేలు పెట్టాడన్న మంటే రగిలింది. "కొత్తవి పాతవాటికంటే మేలైనవి సావుకారీ. అవి ఆరకపోవడం ఏంది? కాలు బరువైంది. వయసు పోతాండాది కదా" అన్నాను.

అతను సావుకారి వైపు చూడలేదు. నా వైపే చూశాడు. తాళాలు బానెట్టు మీద పెట్టి, సీటు కింది చెప్పులు తీసుకుని, తొడుక్కోకుండానే చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. ఎండకు తారు కాలుతూ ఉంది. పిలుద్దామనుకున్నాను కానీ పిలవలేదు. ఈ రోజుకూ నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది అదే.

సావుకారి ఇంకొక డ్రైవర్ని పెట్టుకున్నాడు, పాతికేళ్ళవాణ్ణి. రెండు నెలలు గడిచాయో లేదో కారు మళ్ళీ నా అంగడి ముందు ఆగింది. అదే వణుకు. సావుకారి కిందికి దిగి చిన్నగా నవ్వాడు. "ఏమప్పా, ఈ పిల్లోనికి కూడా వయసైపోయిందా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ చెక్కించి పంపించాను గానీ, ఆ వారమంతా ఏ పని మీదా చేయి నిలవలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఆ మనిషి దగ్గరకు పోయానని చెబితే అబద్ధం అవుతుంది. అప్పటికి నా తప్పేమిటో నాకే తెలియదు. ఘాటులో ఏ మలుపు దగ్గర వేడి మొదలవుతుందో, ఎక్కడ ఆరాలో అతనికి తెలుసు కదా, అడిగి తెలుసుకుందామని పోయాను. కోయిలకుంట్ల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

అతను ఇంటి పక్కనే ఉన్న పొలంలో ఉన్నాడు. బోరులోంచి మోటారు పైకి తీసి ఉంది. గోనెపట్టా మీద పంపు భాగాలన్నీ విప్పి వరసగా పెట్టుకుని, పాత పంచెతో తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. "రాప్పా, ఎండలో పడి వచ్చినావే. కూర్చో" అన్నాడు. వాళ్ళింటామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఎవరో తెలిశాక మాత్రం ఊరుకోలేదు.

"నువ్వేనా ఆ బ్రేకులాయన? నీ మాటకు ఈయన బండెక్కక రెండు నెల్లు దాటిపాయ. నందికొట్కూరు కార్ల స్టాండులో పని అడిగితే, నీ కాలు బరువంట గదన్నా అని నవ్వి పంపించినారు. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముట్టలా."

"గమ్మునుండు. ఇంటికొచ్చిన మనిషి" అన్నాడు అతను.

ఆమె ఇంకొక మాట అనకుండా వెళ్ళిపోయింది. అంటేనే బాగుండేది. మోటారుకు ఏమైందని అడిగాను.

"దీనికేమీ కాలేదు, అదే తమాషా. నెల కిందట కరెంటోళ్ళ లైను పని జరిగింది. కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది, నీళ్ళు మాత్రం వేలంత సన్నగా వచ్చినాయి. బోరు ఎండిపాయ అనుకున్నాం. నేను బోరును తిట్టని తిట్టు లేదు. ఇంటామె ఏడ్చింది. మన్ను పట్టుకుందేమోనని పైకి తీసి ఇప్పితే అన్నీ బాగుండాయి. అప్పుడు తట్టింది, లైను పని చేసినోళ్ళు ఫేజు తీగలు అటుదిటు మార్చి కట్టినారు. ఇన్నాళ్ళూ ఉల్టా తిరిగింది."

"ఉల్టా తిరిగితే మాత్రం నీళ్ళు రావా? రెక్కలు అవే కదా" అన్నాను.

అతను పట్టా మీది నుంచి అరచేతంత రెక్కల చక్రం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. నీళ్ళను తోసే భాగం అది. రెండు బిళ్ళల నడుమ వంకర రెక్కలు. దాన్ని వేలి మీద నిదానంగా తిప్పాడు. "ఇది నీళ్ళను ఎదురుపోయి పట్టుకోదప్పా. నడుమ నుంచి తీసుకొని అంచు నుంచి చిమ్ముతాది. అందుకని తిరిగేటప్పుడు రెక్కలు ఎనక్కు వాలి ఉండల్ల. ఎదురు తిప్పితే ఊరికే చిలుకుతాది. మోటారు కాగుతాది."

నేను ఆ చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాను. తిప్పాను. ఇంకొకసారి తిప్పాను. నా గూట్లో కోసి పెట్టుకున్న డిస్కు ఇదే, కొంచెం పెద్దది, అంతే. డిస్కు కూడా గాలిని ముందు నుంచి పట్టుకోదు. నడుమ నుంచి పీల్చి అంచు నుంచి చిమ్ముతుంది. చక్రం పైభాగం ముందుకు తిరుగుతుంది కాబట్టి అక్కడ రెక్కలు కారు వెనక వైపుకు వాలి ఉండాలి. నేను ముందుకు వాల్చి పెట్టాను. ముప్పై ఏళ్ళుగా బ్రేకుల పని చేస్తున్నవాణ్ణి, బోరు పక్కన గోనెపట్టా మీద కూర్చుని నేర్చుకున్నాను.

"తప్పు నాదప్పా" అన్నాను. "నీ కాలు కాదు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఎక్కించినాను. ఏందో రాసిండాదని నువ్వు చెప్తానే ఉన్నావు. నేను ఇనల్యా. తుడిచేసినాను. ఆ తర్వాత నీ మీద పెట్టినాను."

తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా పడేవాణ్ణి. అతను పంచె పక్కన పెట్టి, "ఇప్పుడు ఆ బండి ఎవరు తోల్తాండారు?" అని అడిగాడు.

"ఎవరో పిల్లోడు."

"ఘాటుకు మళ్ళీ ఎప్పుడు పోతాండారు?"

"నాకు తెలీదు."

"తెలీదంటే ఎట్లప్పా!" అతని గొంతు మొదటిసారి లేచింది. "ఆరని బ్రేకుతో ఘాటు దిగుతాండారు. సావుకారి మనవడు ఎనక సీట్లో నిద్రపోతా వస్తాడు. ముందు ఫోను చెయ్యి. నా సంగతి తర్వాత."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. నేను వచ్చిన దారి పొడుగునా నా పేరు గురించి, నా పని గురించి ఆలోచించాను. ఆ కారులో కూర్చునేవాళ్ళ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. అతనికి మొదట తట్టింది అదే.

ఫోను స్పీకరులో పెట్టి సావుకారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. "రేపు పొద్దున్నే రాయచోటికి బయలుదేరాలనుకుంటిమే" అన్నాడు ఆయన. కారు కదిలించొద్దని, డిస్కులు మార్చేదాకా ఘాటు మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. ఆయన పెద్దమనసు చేసుకున్న గొంతుతో, "అయితే ఆ పాతాయన్ను రమ్మను. రేపే రమ్మను. నేను మనసులో ఏమీ పెట్టుకోను" అన్నాడు.

ఫోను పెట్టేశాక అతను చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నాతో అన్నాడు. "చూడప్పా. ఆ పొద్దు నువ్వు కాలు బరువంటివి, ఆయప్ప నమ్మె. ఈ పొద్దు కాదంటివి, మళ్ళా నమ్మె. నడుమ నేను చెప్పింది యాడ పోయ?"

వాళ్ళింటామె ఇంట్లో నుంచి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. తినకపోతే ఇంకా తప్పవుతుందని తిన్నాను.

వాడిన డిస్కులు చెక్కి చెక్కి పలచబడ్డాయి కాబట్టి కొత్త జత నేనే తెప్పించాను. రాతలు చదివి, ఎడమదాన్ని ఎడమ చక్రం పక్కన, కుడిదాన్ని కుడి చక్రం పక్కన పెట్టుకున్నాకే తిన్నరు గుడ్డ ముట్టాను. పసుపు కుంకుమ మానలేదు. ఆ మరుసటి రోజు నందికొట్కూరు కార్ల స్టాండుకు పోయాను. అక్కడ ఐదారుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. ఆ మనిషి కాలికి ఏ దోషమూ లేదని, డిస్కులు అటుదిటు ఎక్కించింది నేనని, ఎవరైనా మళ్ళీ బరువు కాలని నవ్వితే మర్యాదగా ఉండదని చెప్పాను. వాళ్ళలో ఒకతను, "ఇంతగా అరుస్తాండావే, తప్పు నీదా, మాదా?" అన్నాడు. గొంతు తగ్గించి మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.

అతను పనిలో చేరాడు. చేరక ఏం చేస్తాడు, ఫేజు సరిచేసినా ఆ బోరు ఒక ఎకరానికే సరిపోతుంది. నెల తర్వాత రాయచోటి నుంచి వస్తూ కారు నా అంగడి ముందు ఆగింది. సావుకారి ముందు సీట్లోంచి దిగి స్టూలు లాక్కున్నాడు. "చక్రాలు ఇప్పి చూడప్పా. బ్రేకులు బాగుండాయో లేదో నీ నోటితో చెప్పు" అన్నాడు.

"నన్ను అడగొద్దు సావుకారీ. తోలిన మనిషి అక్కడే ఉండాడు. ఆయన్ను అడగండి."

సావుకారి నా ముఖంలోకి చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమోనని. తర్వాత నిదానంగా అతని వైపు తిరిగాడు. పదకొండేళ్ళలో ఎప్పుడైనా అట్లా అడిగాడో లేదో నాకు తెలియదు. "ఏమప్పా, ఎట్లుండాది?" అన్నాడు.

అతను దిగి, కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. "బాగుండాది సావుకారీ. మలుపుకు మలుపుకు ఆరతాండాది. వణుకు లేదు. ఎడమ పక్క మాత్రం రవంత గీసుకుంటాండాది, మెల్లగా పోయేటప్పుడు."

"నాకేమీ ఇనబళ్ళేదే" అన్నాడు సావుకారి.

కారు వచ్చి ఆగినప్పుడు నేను చెవి అటే పెట్టి ఉన్నాను. నాకూ ఏమీ వినబడలేదు. జాకీ తెచ్చి ఎడమ చక్రం విప్పాను.